బండి వెనక బండి

పిల్లలూ, ఈ నెల వచ్చిన ఉత్తరాల కట్టలో నక్కపల్లి నుంచి వచ్చిన ఉత్తరం ఒకటి నన్ను చాలాసేపు ఆలోచనలో పెట్టింది. రాసినవాడు ఏడో తరగతి చదివే కుర్రవాడు. వాడి ఉత్తరాన్ని కాస్త కుదించి ఇక్కడ ఇస్తున్నాను.

“మా ఇల్లు పెద్దరోడ్డు పక్కనే. మొన్న ఒక లారీ తన వెనక జీపును తాడుతో కట్టి లాక్కుపోతూ ఉంటే చూశాను. జీపులో డ్రైవరు కూర్చుని స్టీరింగు తిప్పుతున్నాడు. ఇంజను చెడిపోయిన బండిలో డ్రైవరు దేనికి? మా చిన్నాన్న అమెరికా నుంచి ఒక వీడియో పంపాడు. అందులో ఇల్లంత బస్సు ఒకటి తన వెనక ఇలాంటి జీపునే లాక్కుపోతున్నది. ఆ జీపులో ఎవరూ లేరు! అయినా అది బుద్ధిగా వెనకనే పోతున్నది. బస్సు మలుపు తిరిగితే తనూ తిరుగుతున్నది. ఇది ఎలా సాధ్యం? అంతదూరం అలా పోతే దాని గేర్లు పాడైపోవా? అది పోయిన దూరం దాని మీటరులో పడుతుందా?”

చూశారా? రోజూ పదిమందీ చూసేదాన్నే చూశాడు గాని, ఎంత చక్కగా చూశాడో! నక్కపల్లి మీదుగా పోయే ఆ పెద్దరోడ్డు మామూలు రోడ్డు కాదు. చెన్నై నుంచి కలకత్తా పోయే జాతీయ రహదారి అది. చాలాకాలం దాన్ని అయిదో నంబరు రోడ్డు అనేవారు. 2010లో నంబర్లు మార్చినప్పుడు పదహారో నంబరు అయింది. పెద్దవాళ్ల నోట ఇప్పటికీ పాత నంబరే వస్తుంది. ఆ రోడ్డు పక్కన ఇల్లు ఉన్నవాడికి బళ్లను గురించి చదువుకోవటానికి వేరే పుస్తకం అక్కర్లేదు.

ముందు ఆ ఇల్లంత బస్సు సంగతి చెబుతాను. పూర్వం మనవాళ్లు ఉపమాక వెంకన్న కల్యాణానికి గూడుబళ్లు కట్టుకుని వెళ్లేవారు. బండిలోనే పరుపు, బండిలోనే చద్దిమూట, కావిడి పెట్టె. రాత్రి అయితే చెట్టు కింద బండి ఆపి అందులోనే పడుకునేవారు. అమెరికాలో వాళ్లు చేసేది కూడా అదే, కాకపోతే వాళ్లది మోటారు గూడుబండి. అందులో మంచాలు, పొయ్యి, నీళ్లతొట్టి, స్నానాలగది అన్నీ ఉంటాయి. పెద్దవి నలభై అడుగుల పొడవూ, పది టన్నుల పైన బరువూ ఉంటాయి. అంత బండిని ఒక తోటలో నిలిపి, పాలపాకెట్టు తేవాలన్నా, కొండదారిలో జలపాతం చూసి రావాలన్నా ఏం చెయ్యాలి? ఇంటినంతా కదిలించుకుని పోలేరుగదా! అందుకని వెనక ఒక చిన్న బండిని తగిలించుకుంటారు. దాన్ని అక్కడివాళ్లు సరదాగా ‘టోడ్’ అంటారు. లాగబడేది అనే ఇంగ్లీషుమాటా, కప్ప అనే ఇంగ్లీషుమాటా ఒకేలాగా వినిపిస్తాయి. అదీ అందులోని హాస్యం. తెలుగువాడి చెవికి మాత్రం అది ‘తోడు’ అన్నట్టే వినిపిస్తుంది. మనం కూడా దాన్ని తోడుబండి అందాం.

ఇప్పుడు గూడుబండి వెనక పలుపుతో కట్టిన దూడను తలుచుకోండి. బండి కదిలితే దూడ నడుస్తుంది. బండి ఆగితే తనూ ఆగుతుంది. పలుపు బిగిస్తే వేగం పెంచుతుంది, వదులైతే తగ్గిస్తుంది. ఎద్దులు ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. ఇదంతా పలుపు చెయ్యటం లేదు, దూడే చేస్తున్నది. దానికి కళ్లున్నాయి, కాళ్లున్నాయి, కాస్తో కూస్తో బుద్ధి ఉన్నది. జీపుకు ఇవేవీ లేవు. లారీ వెనక తాడుతో కట్టిన జీపులో కూర్చున్న డ్రైవరు ఈ దూడ పని చేస్తున్నాడన్నమాట. ఆయన ఇంజను నడపటానికి కూర్చోలేదు. తిప్పటానికీ, ఆపటానికీ కూర్చున్నాడు.

అందులోనూ ఆపటమే పెద్ద పని. ఎందుకంటే తాడు లాగుతుంది గాని తొయ్యదు. అలాగే వెనకనుంచి వచ్చేదాన్ని ఆపలేదు. లారీ బ్రేకు వేస్తే లారీ ఆగుతుంది. జీపు మాత్రం తన జోరులో తాను వచ్చి లారీని గుద్దుకుంటుంది. ఇది చదివి తెలుసుకున్న సంగతి కాదు. నా తల మీద ఒక చిన్న మచ్చ ఉన్నది, అది నేర్పిన సంగతి.

చాలా ఏళ్ల కిందట ఒక స్నేహితుడి జీపు తీసుకుని, నక్కపల్లికి తూర్పున సముద్రపు ఒడ్డున ఉన్న రాజయ్యపేట వెళ్లాను. ఇసకలో జీపు నడిపి చూడాలని ముచ్చట. ముచ్చట బాగానే తీరింది గాని, ట్యాంకులో డీజిలు ఎంత ఉన్నదో చూసుకోలేదు. తిరిగి వస్తూ పెద్దరోడ్డు ఎక్కామో లేదో డీజిలు అయిపోయి, ఇంజనుకు గాలి పట్టి, బండి నిలిచిపోయింది. అప్పటికి పొద్దు గూకుతున్నది. తుని వైపు వెళ్లే లారీ ఒకటి ఆగింది. డ్రైవరు దిగివచ్చి చూసి, “మెకానిక్కు షాపు ఎంతో దూరం లేదు మాస్టారూ, లాక్కుపోతాను. తాడు మాత్రం సడలనివ్వకండి,” అంటూ కొబ్బరిపీచు మోకు తీసి జీపు ముందున్న కొక్కేనికి కట్టాడు.

తాడు సడలనివ్వకండి అన్న మాటకు అర్థమేమిటో నేను అడగలేదు. పెద్దవాణ్ణిగదా, నాకు తెలియదని చెప్పుకోవటం చిన్నతనం అనుకున్నాను. స్టీరింగు పట్టుకుని దర్జాగా కూర్చున్నాను. కాస్త దూరం పోయేసరికి లారీ ముందుకు గేదె ఒకటి అడ్డం వచ్చింది. లారీవాడు బ్రేకు వేశాడు. నేనూ బ్రేకు తొక్కాను. బ్రేకు రాయిలాగా గట్టిగా ఉన్నది! రెండు కాళ్లూ పెట్టి తొక్కేలోపల జీపు వెళ్లి లారీ వెనకభాగానికి తగిలింది. ఒక దీపం పగిలింది, నా తల అద్దానికి కొట్టుకుంది.

బ్రేకు ఎందుకు అంత గట్టిపడింది? చాలా మోటారుబళ్లలో బ్రేకుకు ఒక సహాయకుడు ఉంటాడు. అది పెద్ద మూకుడులాంటి ఒక డబ్బా. ఇంజను నడుస్తూ ఉన్నంతసేపూ ఆ డబ్బాలోని గాలిని తోడేస్తూ ఉంటుంది. మనం బ్రేకు తొక్కగానే బయటి గాలి డబ్బాలో ఒక పక్కకు ప్రవేశించి, రెండో పక్కన ఉన్న శూన్యం వైపు నెడుతుంది. ఆ తోపు మన కాలిబలానికి తోడవుతుంది. ఇంజను ఆగిపోతే డబ్బాలో మిగిలిన శూన్యం రెండు మూడు తొక్కులకు సరిపోతుంది. ఆ తరవాత అంతా మన కాలిబలమే. నేను ఆ రెండు మూడు తొక్కులూ ముందే, ఊరికే పరీక్షించటానికి వాడేశాను!

ఇంకా పెద్ద గండం తరవాత వచ్చింది. దెబ్బ తగిలిన చోట లారీ నిలిచిపోయింది. లారీ డ్రైవరు దిగివచ్చి చూశాడు. నా మీద కోప్పడలేదు, అదే నాకు ఎక్కువ సిగ్గు కలిగించింది. “పోనివ్వండి,” అని మళ్లీ ఎక్కి బండిని మెల్లిగా కదిలించాడు. మోకు ఇంకా నేలమీదే పడి ఉన్నది. మసక చీకటి. రోడ్డుకు అవతల పాలచెంబుతో నిలబడ్డ కుర్రవాడు ఒకడు లారీ పోయింది గదా అనుకుని, లారీకీ జీపుకూ మధ్య ఖాళీలోకి పరుగెత్తుకు వచ్చాడు. వాడికి తాడు కనపడలేదు. లారీ ముందుకు సాగుతున్నకొద్దీ తాడు నేలమీదినుంచి లేస్తున్నది. క్లీనరు చూసి ఒక్క కేక పెట్టాడు. ఆ కేకకు కుర్రవాడు ఉన్నచోటనే కొయ్యబారిపోయాడు. వాడి మోకాళ్లకు జానెడు దూరంలో మోకు ఫట్టున బిగిసింది. వాడు ఇంకొక్క అడుగు వేసి ఉంటే ఏమయ్యేదో ఈనాటికీ తలుచుకోలేను. పాలు మాత్రం ఒలికిపోయాయి. ఇంట్లో తిడతారని వాడు ఏడ్చాడు. ఆ ప్రాణం విలువ ఆ క్షణంలో మాకు తెలిసినంతగా వాడికి తెలియలేదు.

క్లీనరు ఏమీ మాట్లాడకుండా తన మెడకున్న ఎర్రటి తువ్వాలు తీసి తాడు మధ్యన కట్టాడు. అది మొదటే చెయ్యవలసిన పని.

ఈ సంగతి మన దేశపు రోడ్డు నియమాలు చేసినవారికి తెలుసు. కేంద్రప్రభుత్వం 1989లో చేసిన నియమాలలో దీనికి ప్రత్యేకంగా ఒక నియమం ఉన్నది. చెడిపోయిన బండిని లాగేటప్పుడు అందులో లైసెన్సు ఉన్న డ్రైవరు కూర్చోవాలి, లేదా దాని ముందుచక్రాలు క్రేనుతో పైకి లేచి ఉండాలి. రెండు బళ్ల మధ్య 5 మీటర్లకు మించి దూరం ఉండరాదు. తాడు అందరికీ స్పష్టంగా కనపడే ఏర్పాటు చెయ్యాలి. వెనకబండి వెనకవైపున తెల్లని పలకమీద నల్లగా, మూడంగుళాల ఎత్తు అక్షరాలతో ‘ఆన్ టో’ అని, అంటే ‘లాగబడుతున్నది’ అని రాసి ఉండాలి. వేగం గంటకు 24 కిలోమీటర్లు దాటరాదు. (24 ఏమిటి, 25 అనవచ్చుగదా అంటారేమో. 15 మైళ్లంటే సరిగ్గా 24 కిలోమీటర్ల పైన కాస్త. మైళ్లనాటి లెక్క కిలోమీటర్లలోకి వచ్చినప్పుడు అలా మిగిలి ఉంటుందని నా ఊహ.) 2017లో ఆ పాత నియమాల స్థానంలో కొత్తవి వచ్చాయి గాని, ఆ పాత అంకెల వెనక ఉన్న లెక్క మాత్రం ఎన్నటికీ మారదు. చేసి చూడండి.

గంటకు 24 కిలోమీటర్లంటే సెకనుకు సుమారు 6.7 మీటర్లు. ముందుబండి బ్రేకు వెయ్యటం చూసి, వెనక డ్రైవరు తాను బ్రేకు తొక్కేసరికి అరసెకను పట్టిందనుకోండి. ఆ అరసెకనులో వెనకబండి 3.3 మీటర్లు ఎక్కువ ప్రయాణం చేస్తుంది. తాడు 5 మీటర్లు గనక ఇంకా 1.7 మీటర్లు మిగిలింది, గండం గడిచింది. అదే 40 కిలోమీటర్ల వేగంలో అయితే? సెకనుకు 11.1 మీటర్లు. అరసెకనుకు 5.5 మీటర్లు. తాడు చాలలేదు! ఇక ఆ డ్రైవరు ఒక్క క్షణం పక్కకు చూశాడో, 24 కిలోమీటర్ల వేగంలో కూడా ఒక సెకను ఆలస్యమైతే 6.7 మీటర్లు, అదీ గుద్దుడే. తాడు పొడవుగా కట్టుకుంటే సరిపోతుందిగదా అంటే, అప్పుడు మధ్య ఖాళీలోకి పాలచెంబు కుర్రవాళ్లు ఇంకా ఎక్కువమంది వస్తారు.

మరి తాడు సడలనివ్వకపోవటమంటే ఏమిటి? వెనక డ్రైవరు బ్రేకుమీద కాలు ఆనించి, కొద్దికొద్దిగా తొక్కుతూ, తాడు ఎప్పుడూ బిగువుగా ఉండేలా చూసుకోవాలి. అంటే నిజంగా రెండు బళ్లకూ నెమ్మదిగా బ్రేకు వేసేవాడు వెనకవాడేనన్నమాట. ముందు లారీవాడు అలవాటు మీద చెప్పిన మూడుమాటల వెనక ఇంత విద్య ఉన్నది.

ఇక అమెరికా జీపు దగ్గరికి పోదాం. దానికి తాడు లేదు, డ్రైవరు లేడు. తాడుకు బదులు ఇనపకడ్డీలున్నాయి. రెండు కడ్డీలు జీపు ముందుభాగంలో అడ్డంగా దూరందూరంగా రెండుచోట్ల తగులుకుని, ముందుకు వచ్చి ఒకదానితో ఒకటి కలిసి, మోటారు గూడుబండి వెనక ఒకేచోట తగులుకుంటాయి. అంటే త్రికోణం. జీపు ముందు బంపరు అదొక రేకు, దానికి కడితే ఊడి వస్తుంది. అందుకని బంపరు వెనక, బండి అస్థిపంజరంలాంటి ఛాసిస్‌కే ఒక గట్టి ఇనపచట్రాన్ని మరలతో బిగిస్తారు. కడ్డీలు ఆ చట్రాన్ని పట్టుకుంటాయి.

కడ్డీ లాగనూ లాగుతుంది, తొయ్యనూ తోస్తుంది. గూడుబండి ఆగితే కడ్డీలు జీపును ముందుకు రానివ్వవు. త్రికోణం దేనికంటారా? ఇంట్లో చీపురునుంచి కాసిని పుల్లలు అడిగి తెచ్చుకోండి (అడగకుండా లాగితే ఆ తరవాతి సంగతి నాకు తెలియదు). నాలుగు పుల్లల కొసలు దారంతో కట్టి చతురస్రం చెయ్యండి. ఒక మూల నొక్కండి. అది పక్కకు ఒరిగి నలిగిపోతుంది. మూడు పుల్లలతో త్రికోణం కట్టి నొక్కండి. పుల్లలైనా విరుగుతాయి గాని ఆకారం మారదు. ఇంటి పైకప్పు దూలాల్లోనూ, రైలువంతెనల్లోనూ మీకు త్రికోణాలు కనపడేది ఇందుకే. గూడుబండి పక్కకు తిరిగితే ఈ త్రికోణం నలగకుండా జీపు మూతిని తనతోపాటు పక్కకు తిప్పుతుంది.

కాని మూతి తిరిగితే చాలదు, ముందుచక్రాలు కూడా తిరగాలిగదా! స్టీరింగు పట్టుకునేవాడు లేడే! ఇదే మన కుర్రవాడికి అన్నిటికంటె వింతగా తోచింది.

దీనికి జవాబు ఆసుపత్రిలో మంచాల కింద ఉండే చిన్న చక్రాలలో ఉన్నది. మంచాన్ని ఎటు తోస్తే ఆ చక్రాలు అటే తిరుగుతాయి. ఎవరూ తిప్పరు. ఎందుకంటే ఆ చక్రం తిరిగే మేకు ముందు ఉంటుంది, చక్రం నేలకు ఆనేచోటు దానికి కాస్త వెనక ఉంటుంది. మేకు ఎటు పోతే చక్రం దాని వెనకనే ఈడ్చుకుంటూ పోతుంది, అమ్మ కొంగు పట్టుకున్న పిల్లవాడిలాగా. మోటారుబళ్ల ముందుచక్రాలను కూడా ఇలాగే, తిరిగే ఇరుసు పైభాగం కొద్దిగా వెనక్కు వాలి ఉండేటట్టు బిగిస్తారు. మీ సైకిలు ముందు ఫోర్కు వాలి ఉండేది కూడా అందుకే. మలుపు తిరిగాక నాన్నగారు స్టీరింగును చేతుల్లో జారనిస్తే అది దానంతట అదే తిన్నగా అవటం మీరు చూసే ఉంటారు. లాగబడే జీపులోనూ ఇదే జరుగుతుంది. త్రికోణం మూతిని తిప్పుతుంది, చక్రాలు మూతి పోయే దారిలోకి తామే వస్తాయి. ఖాళీ జీపులో స్టీరింగు దయ్యం తిప్పుతున్నట్టు ఇటూ అటూ తిరుగుతూ ఉంటుంది. అందుకని స్టీరింగుకు తాళం పడకుండా చూసుకోవాలి. చాలా బళ్లలో తాళంచెవి తీసేస్తే స్టీరింగు బిగిసిపోతుంది. అది మరిచిపోయి బయలుదేరితే మొదటి మలుపులోనే టైర్లు అడ్డంగా ఈడ్చుకుపోతాయి.

ఈ ఏర్పాటుకు ఒక లోపం ఉన్నది. ముందుకు పోయేటప్పుడే చక్రాలు ఇంత బుద్ధిగా ఉంటాయి. వెనక్కు తోస్తే ఆసుపత్రి మంచపు చక్రం ఏం చేస్తుందో చూడండి: గిర్రున తిరిగి అవతలి దిక్కుకు పోతుంది. జీపు చక్రాలు అంత తిరగలేవు. ఒక పక్కకు పూర్తిగా ముడుచుకుపోయి అక్కడే ఇరుక్కుంటాయి. కడ్డీలు వంగిపోతాయి. అందుకని తోడుబండి తగిలించుకున్నవాళ్లు వెనక్కు పోరు. దారి తప్పి మూసుకుపోయిన వీధిలోకి వెళ్తే, దిగి, జీపును విప్పి, రెంటినీ వేరువేరుగా తిప్పుకుని, మళ్లీ తగిలించుకోవలసిందే. ఇల్లంత బండి ఉన్నవాడికి ఈ తిప్పలు తప్పవు!

ఇప్పుడు గేర్ల సంగతి. ఇందులోనే జీపు గొప్పతనమంతా ఉన్నది.

ఇంజను చక్రాలను తిప్పుతుందని మనకు తెలుసు. అయితే చక్రాలు కూడా ఇంజను వైపు ఉన్న గేర్లను తిప్పగలవు. నేలమీద నాలుగు చక్రాలూ దొర్లుతూ పోతుంటే గేరుపెట్టెలో పళ్లచక్రాలు కూడా తిరుగుతూనే ఉంటాయి. తిరిగితే ఏం? తిరిగేదానికి కందెన కావాలి. ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టకుండా పది కోసులు తోలితే ఏమవుతుందో మీ తాతగారిని అడగండి. మామూలు ఆటోమాటిక్ గేరుబండిలో నూనె పంపు ఇంజను వైపు ఉంటుంది. ఇంజను ఆగితే పంపు ఆగింది. పంపు ఆగితే నూనె రాదు. నూనె రాని గేర్లు గంటలతరబడి తిరిగితే వేడెక్కి మాడిపోతాయి. అందుకే అన్ని బళ్లనూ ఇలా లాగరాదు. మన లారీ మెకానిక్కులు చెడిపోయిన లారీని దూరం లాగవలసివస్తే, వెనక ఇరుసుకు పోయే ప్రొపెల్లర్ షాఫ్టును విప్పి పక్కన పెట్టేస్తారు. అప్పుడు చక్రాలకూ గేరుపెట్టెకూ సంబంధం తెగిపోతుంది.

జీపుకు ఆ విప్పే పని లేదు. కొండలూ గుట్టలూ, లంబసింగి ఘాటు పక్కన ఏజెన్సీ బురదదారులూ ఎక్కే జీపుకు నాలుగు చక్రాలకూ బలం అందాలిగదా! అందుకని గేరుపెట్టె వెనక ఇంకొక పెట్టె ఉంటుంది. వచ్చిన బలాన్ని ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ పంచిపెట్టేది అదే. దాన్ని నడపటానికి పెద్ద గేరుకర్ర పక్కన చిన్న గేరుకర్ర ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపులో కూడా ఇలాంటి పెట్టె ఉండేది. మన దేశంలో తిరిగిన మారుతీ జిప్సీలోనూ, ఇప్పటి మహీంద్రా థార్‌లోనూ చిన్న కర్ర మీద చూడండి: టూ హెచ్, ఫోర్ హెచ్, ఎన్, ఫోర్ ఎల్ అని ఉంటుంది. ఆ ‘ఎన్’ అంటే న్యూట్రల్. అక్కడ పెడితే పంచిపెట్టే పెట్టె ఎవరికీ ఏమీ పంచదు. ఇంజనూ గేరుపెట్టే ఒక పక్క, చక్రాలన్నీ ఒక పక్క; మధ్య మాటలుండవు. అమెరికాలో ఎక్కువమంది తోడుబండిగా పెట్టుకునే జీపు రాంగ్లర్ లాంటివాటిలో ఇంకొక సదుపాయం కూడా ఉన్నది. ఆ రెండో పెట్టెకు నూనె పంపు వేరే ఉంటుంది, అది చక్రాల వైపు తిరిగే ఇరుసు మీదే ఉంటుంది. చక్రాలు తిరిగితే పంపు తిరుగుతుంది. ఎంతదూరం లాగితే అంత నూనె! ఆ జీపును ఇలా లాగవచ్చుననీ, ఎలా లాగాలో కూడా దాని పుస్తకంలోనే రాసి ఇస్తారు. పుస్తకంలో వద్దని ఉన్న బండిని, అది చూడటానికి జీపులాగే ఉన్నా సరే, లాగకూడదు. కొత్తరకం నాలుగు చక్రాల బలం బళ్లు చాలావాటికి ఈ ‘ఎన్’ అనేది లేనే లేదు.

బయలుదేరే ముందు వాళ్లు చేసే తంతు ఇది. కాలు బ్రేకుమీద ఉంచి చిన్న కర్రను ‘ఎన్’లో పెడతారు. పెట్టామనుకుంటే చాలదు, ఇంజను వేసి, పెద్ద గేరు వేసి చూస్తారు. బండి కదలకపోతే నిజంగా సంబంధం తెగినట్టు. అప్పుడు ఇంజను ఆపి, పెద్ద గేరును అలాగే గేరులో ఉంచేస్తారు (ఆటోమాటిక్ అయితే పార్కులో), గేరుపెట్టె కదలకుండా ఉండటానికి. స్టీరింగు తాళం పడకుండా చూస్తారు. చేతిబ్రేకు దించుతారు. ఇది మరిచిపోయినవాళ్ల టైర్లు పొగలు కక్కటమే గాక నిప్పంటుకున్న సంగతులు కూడా ఉన్నాయి. కడ్డీలు తగిలించి, సీలలు బిగించి, కడ్డీ తెగినా జీపు రోడ్డుమీద వదిలిపోకుండా రెండు ఇనపగొలుసులను కింద అడ్డంగా ఒకదానిమీద ఒకటి దాటించి కడతారు. కడ్డీ నేలకు సమంగా ఉన్నదో లేదో చూస్తారు; ఎత్తుల తేడా మూడు నాలుగు అంగుళాలకు మించితే మంచిది కాదు. జీపు వెనక ఎర్రదీపాలకు గూడుబండినుంచి తీగె కలుపుతారు. చివరకు నాలుగడుగులు లాగి, ఒకరు దిగి నాలుగు చక్రాలూ దొర్లుతున్నాయో లేదో చూస్తారు.

ఇంత చేసినా దూడ పని ఒకటి మిగిలిపోయింది. అది ఆగటం. కడ్డీ ఉన్నది గనక జీపు వచ్చి గుద్దదు, నిజమే. కాని రెండు టన్నుల జీపు జోరునంతా గూడుబండి బ్రేకులే మొయ్యాలి. పొడుగాటి కొండదిగుడులో అవి వేడెక్కిపోతాయి. అందుకని జీపులో డ్రైవరు సీటు ముందు ఒక పెట్టె పెడతారు. దానికొక ఇనపచెయ్యి ఉంటుంది, అది బ్రేకు తొక్కుడుపలకను పట్టుకుని ఉంటుంది. గూడుబండి వేగం తగ్గగానే పెట్టె ఆ సంగతి కనిపెడుతుంది. బస్సు ఆగేటప్పుడు నిలబడ్డ మనం ముందుకు తూలుతామే, అలా కనిపెడుతుందన్నమాట. వెంటనే చెయ్యి చాచి బ్రేకు నొక్కుతుంది. కడ్డీలూ గొలుసులూ అన్నీ తెగిపోతే? దానికీ ఒక సన్నటి తీగె ఉన్నది. అది తెగగానే పెట్టె బ్రేకును పూర్తిగా నొక్కేసి జీపును నిలబెడుతుంది. ఖాళీగా కనిపించే ఆ జీపులో నిజానికి ఒక డ్రైవరు ఉన్నాడు. వీడియోలో కుర్చీ మీద చూశావు గాని, అబ్బాయీ, కుర్చీ కింద చూడలేదు!

ఇంతకూ లాగటానికి ఎంత బలం కావాలి? ఒకటిన్నర టన్నుల జీపు, చదునైన తారురోడ్డు, టైర్లలో గాలి సరిగా ఉంటే, ఇరవై, ఇరవై అయిదు కిలోల బరువు ఎత్తటానికి ఎంత బలం కావాలో అంతే! కదిలాక ఇద్దరు మనుషులు తోసుకుపోవచ్చు. ఇరవై అడుగులకు ఒక అడుగు ఎత్తు లేచే దారి అయితే దానికి మరో డెబ్బై అయిదు కిలోలు కలపాలి. అదే రాజయ్యపేట ఇసకలో కూరుకుంటే మూడు వందల కిలోల పైమాటే. తాడు తెగేది లాగటానికి బరువు ఎక్కువై కాదు; సడలి ఒక్కసారి బిగిసినప్పటి కుదుపుకే ఎక్కువగా తెగుతుంది. తెగిన తాడు కొస కొరడాలాగా వచ్చి తగులుతుంది. బండిని లాగేటప్పుడు తాడుకు దగ్గరగానూ, తాడుకు ఎదురుగానూ నిలబడవద్దని మెకానిక్కులు కేకలు వేసేది అందుకే.

ఇప్పుడు పెద్దరోడ్డు మీద బండి ఆగిపోతే నా కాలంలోలాగా లారీలను బతిమాలవలసిన పని లేదు. జాతీయ రహదారుల మీద 1033 నంబరుకు ఫోను చేస్తే సహాయం వస్తుంది. మీ దగ్గర వేంపాడు టోలుగేటు వైపు వెళ్లినప్పుడు లాగుడు క్రేను కనిపిస్తే గమనించండి. అది బండి ముందుచక్రాలను ఎత్తి పట్టుకుంటుంది. అప్పుడు స్టీరింగుకు మనిషి ఎందుకు అక్కర్లేదో మీకు ఈసరికి తెలిసే ఉంటుంది.

ఇక చివరి ప్రశ్న: మీటరులో దూరం పడుతుందా? పాత జీపుల్లో మీటరును తిప్పే తీగె ఆ పంచిపెట్టే పెట్టె వెనకనుంచి, చక్రాలవైపునుంచి వచ్చేది. కనక ఇంజను నడవకపోయినా, లాక్కుపోయిన ప్రతి కిలోమీటరూ పడేది. కొత్తవాటిలో మీటరు విద్యుత్తుతో పని చేస్తుంది. తాళం తిప్పకుండా లాగితే సాధారణంగా లెక్క పడదు. కాబట్టి మీ చిన్నాన్నగారు టైర్లు మార్చే లెక్క మీటరు చూసి వేసుకోకుండా, వేరే కాగితం మీద రాసుకుంటే మంచిది.

అబ్బాయీ, నువ్వు ఒక పని చెయ్యి. రెండు బొమ్మకార్లు తీసుకుని ముందు దారంతో కట్టి లాగు, తరవాత చీపురుపుల్లల త్రికోణం అతికించి లాగు. ముందుకారును హఠాత్తుగా ఆపి చూడు, మలుపు తిప్పి చూడు, వెనక్కు తోసి చూడు. బొమ్మకారు ముందుచక్రాలు తిరగవు గనక మలుపులో అవి పక్కకు జారుతాయి. మీ ఊళ్లో పాతసామాన్ల దుకాణంలో కుర్చీకాళ్ల చిన్న చక్రాలు దొరికితే వాటిని ముందు బిగించి మళ్లీ చెయ్యి. ఏమయిందో నాకు రాయి. ఒకవేళ దారంతో లాగేటప్పుడు మీ చెల్లెలు మధ్యలోనుంచి దాటబోతే, ముందు దారానికి ఒక ఎర్రగుడ్డ కట్టు.